ఎద్దుల పేర్లతో మొదలుపెట్టండి

సేద్యంలో, పశువుల పెంపకంలో బతుకంతా గడిపి వెళ్లిపోయిన ఇంటి పెద్దల గురించి ఎలా రాసుకోవాలి, వాళ్లు వదిలివెళ్లిన కాగితాలను, పనిముట్లను, పశువులను ఏం చేయాలి అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడుగుతున్నారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా నాయన పోయి నాలుగు నెలలైంది. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేసి బంధువులకు, ఊళ్లోవాళ్లకు పంచుదామని అన్నదమ్ములం అనుకున్నాం. రాయడానికి కూర్చుంటే ‘కష్టజీవి, మాట తప్పని మనిషి, ఊరందరికీ తలలో నాలుక’ అని మూడు ముక్కలొచ్చాయి. ఆ తర్వాత కలం కదలడంలేదు.
– కందుకూరు దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ మూడు ముక్కలూ నిజమే అయ్యుంటాయి. కాకపోతే పక్కింటి పెద్దాయన గురించి రాసినా అవే వస్తాయి. మీ నాయనకు మాత్రమే చెందినవి వేరే ఉన్నాయి: ఆయన ఎద్దుల పేర్లు, పొలాల పేర్లు, ఆయన చెయ్యి తిరిగిన పని. అక్కడ పట్టుకోండి, కలం కదులుతుంది.

వంద పేజీల నోటు పుస్తకం ఒకటి తీసుకుని పేజీకో పొలం పేరు రాయండి. సర్వే నంబరు కాదు, ఇంట్లో పిలుచుకునే పేరు: చెరువు కింద మడి, తాళ్ల చేను, దిబ్బ చేను, కపిల బావి చేను. పేరు కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, తాతల నాటిదా, కొన్నదా, కొంటే ఏ పంట డబ్బుతో కొన్నారు, నల్లరేగడా, ఎర్రనేలా, ఇసుక పాలా, నీళ్లెక్కడివి, ఏ ఏడు ఏ పైరు మారింది అన్నవి రాసుకుంటూ పోండి. సజ్జ, జొన్న వేసిన చేలో పొగాకు ఎప్పుడొచ్చింది, పొగాకు పోయి శనగ ఎందుకొచ్చింది అని అడిగేసరికి పెళ్లిళ్లు, చదువులు, అప్పులు అన్నీ వరసన బయటపడతాయి. చేను అమ్మిన ఏడు ఇంట్లో ఏదో ఒకటి జరిగే ఉంటుంది.

ఆ తర్వాత ఎద్దులు. ఒక్కో జతకు ఒక పేజీ. పేర్లేమిటి, ఇంట్లో పుట్టిన దూడలా, సంతలో కొన్నవా, ఎంత పెట్టారు, ఎన్నేళ్లు దున్నాయి, చివరికి ఏమయ్యాయి. కాడికి కట్టేటప్పుడు దాపట (ఎడమ) ఏది, వలపట (కుడి) ఏది అన్నది తప్పకుండా అడగండి. ఎద్దు చిన్నప్పటి నుంచి ఒక వైపుకే మరుగుతుంది. వలపటికి అలవాటైనదాన్ని తెచ్చి దాపట కడితే చాలు వంకర పోతుంది, పక్క ఎద్దును తోసుకుంటూ నడుస్తుంది. అందుకే జతలో ఒకటి చచ్చిపోతే రైతు సేద్యం సగంలో ఆగిపోయేది. అదే ఎత్తు, అదే నడక, అదే వైపు మరిగిన ఎద్దు కోసం ఎన్ని ఊళ్లు తిరిగారో, అందాకా ఎవరి ఎద్దుతో పొత్తు కలిపి దున్నారో మీ అమ్మకు గుర్తుంటుంది.

ఈ రెండూ అయ్యాక ఒక్క రోజును తీసుకుని పూర్తిగా రాయండి. నాట్ల రోజో, కుప్ప నూర్చిన రోజో. ఎన్ని గంటలకు లేచారు, ముందు ఎద్దులకు కుడితి పెట్టారా, తను ఏం తిని బయలుదేరారు, చేనికి సద్ది ఎవరు తెచ్చారు, అందులో ఏముంది, మధ్యాహ్నం ఏ చెట్టు కింద ఒరిగారు, చీకటి పడ్డాక పశువులను ఎవరు కట్టేశారు. ఇలాంటి రోజొకటి నాలుగు పేజీలు వస్తే పుస్తకానికి అదే గుండెకాయ.

ఎవరిని అడగాలన్నది ముఖ్యం. అమ్మ తర్వాత మీ ఇంట్లో పాలేరుగా చేసినాయన్ని పట్టుకోండి. కొడుకులు బడికి పోయిన వేళల్లో మీ నాయన పక్కన ఉన్నది ఆయన. తర్వాత గట్టు పక్క రైతు, కర్రు సాగదీసిన కమ్మరి, కాడి చెక్కిన వడ్రంగి, మీ పశువులకు సూదులేసిన కాంపౌండరు. ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగితే మర్యాద మాటలే వస్తాయి. చేనికి తీసుకెళ్లండి, చేతికి నాగలి మేడి ఇవ్వండి. చెయ్యి పెట్టగానే మాట వస్తుంది. ‘మా నాయన ఎట్లాంటోడు?’ అని అడక్కండి. ‘ఈ గట్టు ఎవరు వేశారు? వాన ఎక్కువైతే నీళ్లు ఎటు మళ్లించేవాళ్లు?’ అని అడగండి.

ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు మూరెడు దూరంలో పెట్టండి, ఫ్యాను కట్టేయండి. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడుతున్నవారి పేరు చెప్పి మొదలుపెట్టండి. ముప్పావు గంట దాటనివ్వకండి, పెద్దవాళ్లు అలసిపోతే అన్నిటికీ అవునంటారు. ఆ రాత్రికే ఇంకో ఫోన్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించండి.

కొలతలు వాళ్లు చెప్పినట్టే రాసి పక్కన కిలోలు వేయండి. నెల్లూరు వైపు వడ్ల పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు రెండు పుట్లు పండింది అంటే 17 క్వింటాళ్లు. బయటి ఊళ్లలో పెరిగిన మీ పిల్లలకు పుట్టి అంటే తెలియదు. పుట్టి మాట తీసేసి ఉత్త క్వింటాళ్లే రాస్తే మీ నాయన గొంతు వినపడదు. రెండూ ఉండాలి.

ప్రశ్న: మా జేజినాయన ‘తారణ’లో పుట్టాడని ఇంట్లో చెప్తారు. ఆధార్‌లో 1950 అని ఉంది. సమాధి రాయి మీద ఏది చెక్కించాలి? ఇంట్లోని పాత కాగితాల్లో చాలావాటికి తేదీలు కూడా లేవు.
– కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తారణ నామ సంవత్సరం 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా నడిచింది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి ఇంకో తారణ 1884లోనో 2004లోనో వస్తుంది, మీకు అనుమానం ఉండక్కర్లేదు. లెక్క గుర్తుపెట్టుకోవడానికి ఒక ఆధారం చాలు: ప్రభవ 1927లో, మళ్లీ 1987లో. అక్కడి నుంచి వరసన లెక్కపెట్టుకోండి. పుట్టిన నెల కూడా తెలిస్తే ఇంకా మంచిది. సంక్రాంతి దాటాక పుట్టి ఉంటే ఇంగ్లీషు లెక్కలో 1945 అవుతుంది.

బడి రికార్డుల్లో, కార్డుల్లో వయసు అంచనాగా వేసినవే ఎక్కువ. జనవరి 1, జూలై 1 అని ఉంటే మరీ అనుమానించాలి. రాయి మీద ‘తారణ (1944–45)’ అని చెక్కించండి.

తేదీ లేని కాగితాలకు ఒక్కో మాటే సాక్షి. అణాల్లో లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, లేదా ఆ అలవాటు ఇంకా పోనప్పటిది. మణుగులు, వీశెలు అని పాత తూకాలు ఉంటే చాలావరకు 1960ల మొదటికి ముందుది. ‘తాలూకా, ఫిర్కా’ అని ఉంటే మండలాలు రాకముందు, అంటే 1985కు ముందు. ‘నెల్లూరు జిల్లా, కనిగిరి తాలూకా’ అని కనిపిస్తే కంగారు పడకండి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరులో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. ప్రకాశం అన్న పేరు 1972లో పెట్టారు.

శిస్తు రసీదుల మీద, అడంగల్ (పొలాల సాగు లెక్క) నకళ్ల మీద ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల ఏడు, ఉంటుంది. దానికి 590 కలపండి. ఆ ఏడు జూలై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ 1387 అంటే 1977 జూలై నుంచి 1978 జూన్ దాకా.

‘తుఫాను ఏడు పెళ్లయింది’ అని ఎవరైనా అంటే ఏ తుఫానో తేల్చుకోకుండా రాయకండి. ఒంగోలు, చీరాల కోస్తాలో తుఫాను అంటే ఎక్కువగా 1977 నవంబరు 19 నాటిదే. సూళ్లూరుపేట, గూడూరు వైపు 1984 నవంబరు అనుకుంటారు. రెండూ నవంబరే. ఎండాకాలంలో వచ్చిందంటే 1990 మే. అప్పుడు చేలో ఏం పైరుందో, కరెంటు మోటారు ఉందో లేదో, ఇంట్లో ఎవరు చంకలో ఉన్నారో అడిగితే తేలిపోతుంది.

ప్రశ్న: మా నాన్న బండలాగుడు పోటీలకు ఎద్దులను తోలేవాడు. ఒక నలుపు తెలుపు ఫొటో, ‘ఆరు పళ్ల విభాగం, రెండో బహుమతి, 1986’ అన్న కాగితం ఉన్నాయి. ఆ జత గురించి ఇంకేం రాయగలం? మా ఆబోతు ఒకటి బ్రెజిల్ పోయిందని మా మామ అంటాడు. అది కూడా రాయొచ్చా?
– ఒంగోలు దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ కాగితం చాలా చెప్తుంది. పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు జతలుజతలుగా వస్తాయి. రెండు పళ్లు వేసేసరికి రెండు, రెండున్నరేళ్లు. నాలుగు పళ్లకు మూడేళ్లు. ఆరు పళ్లకు మూడున్నర నుంచి నాలుగు. ఎనిమిదీ కలిసేసరికి నాలుగున్నర, ఐదు. మేతను బట్టి ఆర్నెల్లు అటూఇటూ అవుతుంది. కాబట్టి మీ జత 1982 ప్రాంతంలో పుట్టిన కోడెలు. ఆ ఏడు మీ ఇంట్లో ఏ ఆవులు ఉన్నాయో, లేక ఎవరి దగ్గర కొన్నారో వెతకండి. పోటీ వివరాల్లో బండ బరువు, ఇచ్చిన సమయం, లాగిన దూరం అడుగుల్లో – ఈ మూడూ రాయాలి. దూరం ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

ఫొటోలో చూడాల్సినవి: మూపురం, గంగడోలు, కొమ్ములు. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా మొద్దుగా ఉంటాయి. ఒళ్లు తెలుపు, మగవాటికి తల, మెడ, మూపురం మీద బూడిద రంగు తిరుగుతుంది. ముట్టె, కనురెప్పలు, గిట్టలు, తోక కుచ్చు నలుపు. ఇంకొక సంగతి. ఈ జాతి దూడలు కొన్ని పుట్టినప్పుడు ఎర్రగా ఉండి, నెలలు గడిచేకొద్దీ తెల్లబడతాయి. తెల్లటి ఎద్దుకు ‘ఎర్రోడు’ అన్న పేరుంటే అది తప్పు కాదు. దూడగా ఉన్నప్పుడే, మీ ఇంట్లోనే పేరు పెట్టారనడానికి అదొక గుర్తు కావచ్చు.

బ్రెజిల్ సంగతి. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ పేరే అక్కడ స్థిరపడింది. 1960ల మొదట్లో బ్రెజిల్ చేరిన ‘కరవది’ అనే ఆబోతు పేరు అక్కడి పెంపకందార్లకు ఇప్పటికీ తెలుసు. పెద్ద ఎత్తున మన పశువులు అక్కడికి పోవడం కూడా ఆ రోజులతోనే ఆగింది. మీ మామ చెప్పే ఏడు ఏది? 1960కి అటూఇటూ అయితే రసీదు, కొన్నవాళ్లతో దిగిన ఫొటో, ఓడ ఎక్కించిన రేవు పేరు ఏదైనా దొరుకుతుందేమో చూడండి. 1970ల తర్వాత అని చెప్తుంటే ఆబోతును కొన్న దళారి చెప్పిన మాటే ఊళ్లో నిలిచిపోయి ఉండొచ్చు. ఆధారం దొరక్కపోతే ‘అని మా మామ చెప్పేవాడు’ అని ఆయన మాటగానే రాయండి. అంతకు మించి రాయకండి. ఆధారం లేని గొప్ప ఒకటి పుస్తకంలో కనిపిస్తే, నిజంగా గెలిచిన ఆ రెండో బహుమతిని కూడా జనం అనుమానిస్తారు.

ప్రశ్న: మా నాయనకు సెంటు భూమి లేదు. గొర్రెలు కాశాడు. రెండు వందల జీవాల మంద. కాగితాలు లేవు, ఫొటోలు లేవు. ఆయన గురించి రాయడానికి ఏముంటుంది?
– ఉదయగిరి వైపు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, చాలా ఉంది. భూమి ఉన్న రైతు జీవితం పొలాల మీదుగా రాస్తాం, మీ నాయన జీవితం దారుల మీదుగా రాయండి. పెద్ద తెల్లకాగితం మీద మీ ఊరు మధ్యలో పెట్టి, మంద ఏ నెలలో బయలుదేరేది, మొదటి రాత్రి ఎక్కడ ఆగేది, రెండో రాత్రి ఎక్కడ అని చుక్కలు పెట్టించండి. ఆయనతో తిరిగిన తమ్ముడో, బావో ఉంటారు. ప్రతి చుక్క దగ్గరా నీళ్లు ఎక్కడ తాపారు, ఎవరి చేలో మంద కట్టారు, ఎరువుకోసం రాత్రికి ఎంత ఇచ్చారు – గింజలా, డబ్బా – అడగండి. తిరిగి వచ్చింది ఏ కార్తెలోనో వాళ్లు ఠక్కున చెప్తారు. తేదీ అడిగితే మాత్రం చెప్పలేరు.

మీ నాయనవి నెల్లూరు జాతివే అయితే మూడు రకాల్లో ఏదో చూసుకోండి: ఒళ్లంతా తెలుపైతే పల్ల, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర. మన దేశంలో ఇంత ఎత్తు పెరిగే గొర్రె జాతి ఇంకోటి లేదు. వీటి ఒంటి మీద ఉండేది వెంట్రుక, కత్తిరించి నేసే ఉన్ని కాదు. ఆయన భుజాన గొంగడి ఉండేదంటే, అది నల్ల ఉన్ని గొర్రెలున్న ప్రాంతం నుంచి కొన్నది. ‘తన మంద ఉన్నితో నేయించుకున్నాడు’ అని ఎవరైనా చెప్పినా రాయకండి, జీవాలు తెలిసినవాళ్లు ఒప్పుకోరు.

మంద పోయిన కథ ప్రతి కాపరి ఇంట్లోనూ ఉంటుంది. లక్షణాలు అడిగి జబ్బు పేరు రాయొచ్చు. తొలకరి వానలకు లేత పచ్చిక మేసిన నాడు, మందలో బాగా బలిసిన పిల్లలే రాత్రికి రాత్రి పోయాయంటే చాలావరకు చిటుక రోగం. లేత మేత ఒక్కసారిగా ఎక్కువైతే పేగుల్లోని సూక్ష్మజీవి విషం కక్కుతుంది. ఎక్కువ మేసినదే ముందు పోతుంది. మూతి, పెదవులు వాచి, నోట్లో పుండ్లు పడి, నాలుక నీలంగా తిరిగి, వానాకాలం చివర్లో వచ్చిందంటే నీలినాలుక, చిన్న దోమల్లాంటి పురుగులు మోసుకొస్తాయి. ముక్కు కారి, జ్వరంతో, పారుడుతో పోతే పారుడు రోగం. ‘దిష్టి తగిలింది’ అని మీ నాయన నమ్మి ఉంటే ఆ నమ్మకమూ రాయండి, పక్కనే జబ్బు పేరూ రాయండి. ఆయనను తక్కువ చేసినట్టు కాదు. టీకా ఊరికి రాని రోజుల్లో ఆయన ఏమేం చేసి మందను నిలబెట్టుకున్నాడో అప్పుడే తెలుస్తుంది.

మీ అమ్మకు విడిగా నాలుగు పేజీలు ఉంచండి. మంద దేశం మీద ఉన్నప్పుడు ఇంటి దగ్గర నడవలేని పిల్లలను, కుంటివాటిని, ఈనినవాటిని చూసింది ఆమె. కాపరి అంటే మగవాడే అని రాసేస్తే సగం మంద లెక్కలోంచి పోయినట్టే.

ప్రశ్న: నాగలి, విత్తనాలు వేసే గొర్రు, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలు తొండం, ఎద్దుల బండి చక్రాలు మిగిలాయి. ఇంటి ముందు రంగులు వేసి పెడదామని మా అబ్బాయి అంటున్నాడు.
– ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రంగు వేయించకండి. మేడి దగ్గర అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నగా, నల్లగా మెరిసే జానెడు మేర ఉంటుంది. మీ నాయన చేతి గుర్తు అదొక్కటే. ఎనామిల్ పూస్తే అది కప్పడిపోతుంది.

నీళ్లతో కడగొద్దు. పొడి బ్రష్షుతో మట్టి దులపండి. చెక్క కింద సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు ఉన్నట్టు. ఎండాకాలంలో మూడు రోజులు ఎండబెట్టి, తొలిచిన రంధ్రాల్లోకి సిరంజితో కిరోసిన్ ఎక్కించి, పాలిథిన్ పట్ట చుట్టి రెండు వారాలు ఉంచండి. తర్వాత వేపనూనె పలచగా పట్టించి గుడ్డతో తుడిచేయండి. కర్రు తుప్పును కొబ్బరి పీచు, కిరోసిన్‌తో రుద్ది, పొడిగా తుడిచి, నూనె చెయ్యి వేస్తే చాలు. కపిల తొండం తోలు ఎండలో పెడితే పగులుతుంది. నీడలోనే ఉంచి, గోరువెచ్చటి ఆముదం పలచగా రెండుసార్లు, వారం తేడాతో పట్టించండి. ఏదీ నేల మీద ఆనకూడదు, రెండు ఇటుకల ఎత్తున పెట్టండి. చెదలు మట్టి నుంచే ఎక్కుతాయి.

ప్రతి వస్తువుకూ అట్ట ముక్క కట్టి భాగాల పేర్లు రాయండి: మేడి, నొగ, కర్రు, కాడి. గొర్రుకు జడ్డిగం (గింజ పోసే గిన్నె), గొట్టాలు. ఏ చెక్క, నల్లతుమ్మా, టేకా? ఎవరు చేశారు? గొర్రు తోలింది మీ నాయన అయినా జడ్డిగంలో గింజ పోసింది సాధారణంగా ఆడవాళ్లే. పిడికిలి వదిలే తీరులో తేడా వస్తే ఒక చాలు ఒత్తుగా, ఒక చాలు పలచగా మొలిచేది. మీ ఇంట్లో ఆ చెయ్యి ఎవరిదో అట్ట మీద ఆ పేరు కూడా ఉండాలి.

ప్రశ్న: నాన్న పొగాకులో బాగా దెబ్బతిన్నాడు. అప్పుల సంగతి పుస్తకంలో ఎందుకని మా అక్క అంటోంది. అది లేకుండా రాస్తే అబద్ధంలా ఉంది నాకు.
– పొదిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రాయండి, కానీ అమ్మ, అక్క ఒప్పుకున్నాక. అప్పిచ్చినవాళ్ల పేర్లు వద్దు. అప్పు ఎంత, ఏ ఏడు, ఎందుకు అన్నవి చాలు. సాగు ఎలా నడుస్తుందో ముందు చెప్తే అప్పు ఎందుకైందో చదివేవాళ్లకు అర్థమవుతుంది, మీ నాన్న మీద నింద పడదు.

పొగాకులో డబ్బు పంట చేతికి రాకముందే పోతుంది: నారు, ఎరువులు, కూలీ, పుల్ల, బ్యారన్ (ఆకును సెగతో ఆరబెట్టే కొట్టం) మరమ్మతు. అక్టోబరు, నవంబరుల్లో నాటిన మొక్కకు ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి మళ్లీ నాటాలి. మళ్లీ అదే ఖర్చు. ఆకు బాగా వచ్చినా బ్యారన్ లోపల పోవచ్చు. క్యూరింగ్, అంటే ఆకును సెగతో పండించి ఆరబెట్టడం, ఐదారు రోజులు, రాత్రింబగళ్లు. ఆకు పండేదాకా ఫారన్‌హీట్‌లో 100 అటూఇటూగా సన్నటి సెగ, తర్వాత ఆకు ఆరడానికి పెంచుకుంటూ పోవడం, చివరికి ఈనె ఆరడానికి 160 దాకా. మొదట్లో తొందరపడి సెగ పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. పండిన ఆకును సమయానికి ఆరబెట్టకపోతే గోధుమరంగు తిరిగి మచ్చపడుతుంది. రెండూ తక్కువ గ్రేడే. ఈనె ఆరే దశలో ఎండుటాకు జారి వేడి గొట్టాల మీద పడితే బ్యారన్ అంటుకుంటుంది. అందుకే ఆ ఐదు రాత్రులు రైతు నులకమంచం బ్యారన్ గుమ్మం దగ్గరే ఉండేది. గంటకోసారి లేచి లోపలి వేడి చూసి, మొద్దు తోసి, మళ్లీ ఒరిగేవాడు. ఆ మంచం, ఆ లాంతరు, చొక్కాకు పట్టి వారాల తరబడి వదలని ఆ వాసన మీ అక్కకూ గుర్తుండే ఉంటాయి. ఆమెను అక్కడి నుంచి మొదలుపెట్టి రాయమనండి, అప్పు సంగతి దానంతటదే వస్తుంది.

ఏళ్లు తేల్చుకోవడానికి: పొగాకు బోర్డు 1976లో వచ్చింది. మన రాష్ట్రంలో బోర్డు వేలం 1985లో మొదలైంది. అంతకు ముందు అమ్మకం అంటే వ్యాపారికో, కంపెనీకో. వేలం చీట్లు దొరికితే బేళ్ల సంఖ్య, కిలో ధర పుస్తకంలో పట్టికగా వేయండి.

ప్రశ్న: ఆయన పెంచిన ఎద్దుల జత ఉంది. మా అమ్మ చూడలేకపోతోంది. అమ్మితే నాయన్ను అమ్మినట్టుంది, ఉంచితే చేసేవాళ్లు లేరు.
– గూడూరు దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేసేవాళ్లు లేని చోట ఉంచడం వాటికి మంచిది కాదు. ఒక్కో ఎద్దుకు రోజుకు ఎనిమిది, పది కిలోల ఎండుగడ్డి, వీలైతే అంతే పచ్చిమేత, కిలో దాకా తవుడు, చెక్క, 40 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి. ముసలి ఎద్దుకు పళ్లు అరిగి ఉంటాయి, గడ్డి నరికి తడిపి పెట్టాలి. పని లేకుండా కట్టేస్తే గిట్టలు పెరిగి నడక చెడుతుంది, నాడాలు ఉంటే తీయించాలి. ఏటా రెండుసార్లు గాలికుంటు టీకా, వానలకు ముందు గొంతువాపు టీకా. ఇవన్నీ చేయగల మనిషికి జీతం ఇవ్వగలిగితే ఉంచండి.

లేదంటే సంతకు తోలకండి. పక్క ఊళ్లో ఇంకా ఎద్దులతో సేద్యం చేసే రైతును వెతికి, జతను విడదీయకుండా ఇవ్వండి. దాపట ఏది, వలపట ఏది, ఏ పిలుపుకు కదులుతాయి, ఏది పొడుస్తుంది, ఏ టీకాలు అయ్యాయి అన్నీ చెప్పండి. ఆయన కట్టిన పలుపులు, మువ్వలు వాటితోనే పంపండి. వారం, పది రోజులకు సరిపడా మీ గడ్డి కూడా పంపి, కొత్త మేతలో కొంచెం కొంచెంగా కలపమనండి. ఒక్కరోజులో మేత మారిస్తే ఉబ్బరం వస్తుంది. మొదటి రెండు రోజులు మీ ఇంటివాళ్లు ఎవరైనా వెళ్లి సాయంత్రం మేత వేసి వస్తే తొందరగా కుదురుకుంటాయి. ఇచ్చే ముందు రెండింటికీ పక్క నుంచి, ముందు నుంచి ఫొటోలు తీయించండి. కాడికి కట్టి నడిపిస్తూ ఒక వీడియో కూడా.

ప్రశ్న: అచ్చు వేయించడానికి ఏమేం చూసుకోవాలి?
– నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: డెమ్మీ సైజులో పదహారు పేజీలు ఒక ఫారం. నాలుగు ఫారాలు, 64 పేజీలు సరిపోతాయి. ఫారం మధ్యలో ఆగిపోయేలా పేజీల లెక్క పెట్టుకోకండి, మిగిలిన ఖాళీ పేజీలకూ డబ్బు పడుతుంది. ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకకండి, అద్దంతోనే నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి.

మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే డీటీపీవాళ్లు ‘అను’ అనే అచ్చు ఫాంటులోకి మారుస్తారు. అక్కడ ఒత్తులు, వట్రసుడులు తారుమారవుతాయి, అంకెలు కూడా ఒక్కోసారి. కంప్యూటర్ తెర మీద చూసి సరే అనకండి. కాగితం మీద ప్రూఫు తీయించి, పొలాల పేర్లు, ఎద్దుల పేర్లు, ఏళ్లు ఎర్ర కలంతో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకోండి. ఆ తర్వాత మీ అమ్మకు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించండి. ఆమె ఆపిన ప్రతిచోటా ఆగండి. ఆ దిద్దుబాట్లు చేయించడానికి సంవత్సరీకానికి ముందు కనీసం నెల రోజులు చేతిలో ఉండేలా చూసుకోండి.